నేల శుద్ధి అయిందంటే చాలదు, లెక్క రాసిపెట్టండి



జీవామృతం కొలతలు మనలో చాలామందికి కంఠతా వచ్చు. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. పోసేదానికి ఇంత కొలత ఉంది కదా, మరి వచ్చిన ఫలితానికి కొలత ఏది? "మందుల విషమంతా పోయింది, నేల శుద్ధి అయింది" అని వీడియోల్లో చెప్పేస్తున్నాం. ఏ విషం? ముందు ఎంత ఉండేది, ఇప్పుడు ఎంత ఉంది? ఎవరూ అడగరు, మనమూ చెప్పం. ఈ అలవాటు మన పద్ధతికే చెడ్డపేరు తెస్తుందని నా భయం.

విషాలన్నీ ఒకటి కావు. పురుగు మందుల్లో చాలావాటిని నేలలోని సూక్ష్మజీవులు కొద్దికొద్దిగా విరగ్గొడతాయి. అక్కడ జీవామృతం, పచ్చిరొట్ట సాయపడతాయంటే అర్థముంది. కానీ సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ అలా కాదు. అవి మూలకాలు. ఏ సూక్ష్మజీవీ వాటిని తినేసి మాయం చేయలేదు. మట్టికి గట్టిగా అంటుకునేలా చేయవచ్చు, మొక్క ద్వారా పైకి లాగవచ్చు, మట్టినే తీసేయవచ్చు. అంతే.

ఇంకో చిక్కుంది. సేంద్రియ పదార్థం సీసాన్ని పట్టి ఉంచుతుంది. అదే సేంద్రియ పదార్థం నీళ్లు నిలిచిన వరి మడిలో ఆర్సెనిక్‌ను కదిలించి మొక్కకు అందేలా చేయగలదు. అంటే ఒక పొలంలో మేలు చేసింది పక్క పొలంలో కీడు చేయొచ్చు. రాసి ఉంటేనే ఈ తేడా తెలుస్తుంది.

పటాన్‌చెరు, బొల్లారం వైపు రైతులకు ఈ బాధ కొత్తకాదు. ఫ్యాక్టరీల వ్యర్థ జలాలు నక్కవాగులో కలిసి పొలాలు, బావులు పాడయ్యాయి. 1990లోనే ఆ గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అలాంటి చోట "ఇది చల్లండి, అంతా సర్దుకుంటుంది" అని ఎవరో చెబితే నమ్మి ఆకుకూరలు వేసి పిల్లలకు పెడితే? కాడ్మియం ఆకుకూరల్లో ఎక్కువగా చేరగలదు. ఇక్కడ లెక్కలేని మాట ప్రాణాల మీదకు తెస్తుంది.

అమెరికాలో ఇదే సమస్య వచ్చినప్పుడు వాళ్లు చేసిన ఒక పని నాకు నచ్చింది. పాడైన నేలల్ని, భూగర్భ జలాల్ని శుభ్రం చేసే పనిలో ఉన్న ప్రభుత్వ శాఖలు 1990లో ఒక వేదికగా కలిశాయి. ఎక్కడ ఏ పద్ధతి వాడినా ఒకే తీరుగా రాయాలంటూ 1995లో ఒక మార్గదర్శిని తెచ్చాయి. మట్టిలో బంకమన్ను ఎంత, ఉదజని సూచిక ఎంత, యంత్రం ఎలా నడిపారు, ఖర్చు ఎంత, విషం ఎంత తగ్గింది, ఏం నేర్చుకున్నారు అన్నీ అందులో రాయాల్సిందే. నీళ్లు తోడి శుభ్రం చేసే పద్ధతిలో మోటార్లు ఆపాక మట్టికి అంటుకున్న విషం మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. పని అయ్యాక కూడా కొలుస్తూ ఉంటేనే ఆ సంగతి బయటపడుతుంది.

వాళ్ల యంత్రాలు మనకు అక్కర్లేదు, ఆ రాసే అలవాటు కావాలి. ఒక వంద పేజీల నోటుబుక్కు చాలు.

మొదట పొలంలో ఏ చోట, ఎంత లోతులో మట్టి తీశారో రాయండి. సాయిల్ హెల్త్ కార్డు చూసుకుని ధైర్యపడకండి. 2015లో వచ్చిన ఆ కార్డులో ఉండేవి 12 అంశాలు. అందులో సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ లేవు. వాటి పరీక్ష విడిగా అడిగి చేయించుకోవాలి. ఖర్చు ఎక్కువే, అందుకే పదిమంది కలిసి చేయించుకోండి.

తర్వాత ఏం వేశారు, ఎంత, ఏ తేదీన, కూలీ ఎంత. ఒక సాలు పట్టీ ఏమీ వేయకుండా వదిలేయండి, పోల్చడానికి అదే సాక్ష్యం. మళ్లీ పరీక్ష అదే చోట, అదే లోతులో, అదే కాలంలో, అదే ల్యాబులో. బావి నీళ్లయితే మరీ జాగ్రత్త. వానలకు నీరు పెరిగి విషం పలచబడితే, మన మందు పనిచేసిందని మురిసిపోతాం. మట్టితో పాటు తినే గింజను, ఆకును కూడా పరీక్షించండి.

విషం లాగడానికి ఆవ మొక్కలు పెంచితే వాటి లెక్క కూడా ఉండాలి. లాగిన విషం ఆ మొక్కలోనే ఉంటుంది. పశువులకు వేయకూడదు, కంపోస్టు చేయకూడదు, పొలంలో తగలబెట్టకూడదు. అలా చేస్తే తీసిన విషాన్ని మళ్లీ మనమే చల్లుకున్నట్టు.

చివరిగా, పనిచేయనిది కూడా రాయండి. వీడియోలో ఓడిపోయిన పొలాన్ని చూపించడానికి మనకు నామోషీ. కానీ ఆ ఒక్క వీడియో పదిమంది రైతుల డబ్బు, రెండేళ్ల కాలం కాపాడుతుంది. ఈసారి కెమెరా పొలం వైపు తిప్పే ముందు, ఆ నోటుబుక్కు పేజీ చూపించండి. చూసేవాళ్లకు మన మాట మీద నమ్మకం అక్కడే మొదలవుతుంది.