పౌరహక్కుల సభ ఏ వీధిలో జరుగవలెను?

మన రాష్ట్రమున ప్రతి మాసము ముప్పదవ తేదీని పౌరహక్కుల దినముగా జరుపు పద్ధతి యొకటి కలదు. నాడు ఏదేని యొక గ్రామమున సభ కూడును. రెవెన్యూ అధికారులును పోలీసు అధికారులును వచ్చి, అంటరానితనము నేరమనియు, చట్టము ముందు అందఱును సమానులనియు చెప్పుదురు. ప్రవేశమునకు రుసుము లేదు. పిలుపు లేనివారు రాగూడదను నియమము లేదు. మద్దికెర మండలమునను, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములయందును ఈ సభలు జరుగుచునే యున్నవి. ఫిబ్రవరియందు ముప్పదవ తేదీయే లేదు గదా యని ఎకసక్కెమాడువారు కలరు. ఆ దోషము పంచాంగమునది, సభది కాదు. నా యాక్షేపణము వేఱు. ఈ సభలు చాలవఱకు ఎస్సీ కాలనీలలోనే జరుగుచున్నవి. అనగా, ఊరిలో ఏ వీధివారికి ఈ యుపదేశ మక్కఱలేదో ఆ వీధిలో జరుగుచున్నవి.

అంటరానితనము మిగిలియున్న ఊళ్లలో ఆ వాడయందలి అయిదేండ్ల బాలునకు తెలియనిదేమి? ఏ అరుగుపై కూర్చుండరాదో, గుడి యే మెట్టు వద్ద నిలిచిపోవలెనో, హోటలులో తన తండ్రి త్రాగు గ్లాసు ఎచ్చట విడిగా నుండునో వానికి ఒకరు బోధింపనక్కఱలేదు. తెలియనివాడు, లేదా తెలిసియు తెలియనట్లుండువాడు, అరుగు యజమాని, గుడి పెద్ద, హోటలు నడుపువాడు. వారెవరును సభలో నుండరు. ఇల్లు దోపిడియైనవానిని ఎదుట కూర్చుండబెట్టుకొని, దొంగతనము నేరము సుమీ యని గంటసేపు చెప్పి పోవుట వంటిది ఈ పని.

నేను బడిలో వ్యాకరణము చెప్పువాడను. వాక్యము కంటబడగానే కర్త యెవరు, కర్మ యేది యని చూచుట నాకలవాటు. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము 1976లో సవరింపబడి పౌరహక్కుల పరిరక్షణ చట్టమైనది. దానిలో శిక్ష విధించు సెక్షనులను వరుసగా చదువుడు. మూడవది గుడిని గూర్చినది. నాలుగవది దుకాణము, హోటలు, బావి, దారి మొదలగువానిని గూర్చినది. అయిదవది ఆసుపత్రిని, పాఠశాలను గూర్చినది. ఆఱవది సరకు లమ్మ నిరాకరించుటను గూర్చినది. అన్నిటను కర్త యొక్కడే: ‘ఎవరైనను’. ఎవరైనను అడ్డగించిన యెడల, ఎవరైనను నిరాకరించిన యెడల. అడ్డగింపబడినవాడు ఆ వాక్యములో కర్మ మాత్రమే. చట్టము మాటాడుచున్నది అడ్డగించువానితో. మన సభ మాత్రము కర్తను ఇంటివద్ద విడిచి, కర్మను పిలిచి పాఠము చెప్పుచున్నది. కర్మ యను మాటకు మన భాషలో మఱియొక యర్థము కలదు. ఆ యర్థము చెప్పియే తరతరములుగా ఆ వాడవారి నోరు మూయించితిమి.

హక్కులు తెలియమిచేతనే వారికీ దుర్గతి యను వాదము చరిత్రముందు నిలువదు. ఈ సీమ మద్రాసు రాజధానిలో నున్న కాలమున, 1924లో, రెట్టమలై శ్రీనివాసనుగారి తీర్మానము ననుసరించి దారులును బావులును అందఱివని శాసనమండలి యొప్పుకొనెను. 1938లో ఆ రాజధానిలోనే దానికై ప్రత్యేక చట్టము పుట్టెను. 1950లో రాజ్యాంగము తన పదునేడవ అధికరణమున అంటరానితనమునే రద్దు చేసెను. తరమునకొక కాగితము చొప్పున వచ్చుచునే యున్నది. మహారాష్ట్రదేశమున మహాడు పురపాలక సంఘము 1924లో చవదారు చెఱువును అందఱకు తెఱచితిమని తీర్మానించెను. తీర్మానము పుస్తకములోనే యుండెను. 1927 మార్చి 20వ తేదీని అంబేద్కరుగారు వేలమందితో నడిచిపోయి ఆ నీరు త్రాగగా, ఊరి పెద్దలు వారిని కొట్టించి, పిదప చెఱువునకు పంచగవ్యముతో శుద్ధి జరిపిరి. ఆనాడు పాఠము కావలసినది నీరు త్రాగినవారికా, శుద్ధి చేసినవారికా?

అంత దూరమేల? మన కారంచేడు కలదు. త్రాగునీటి చెఱువు వద్ద పశువులను కడుగుట తగదని మాదిగపల్లెవా రాక్షేపించిరి. 1985 జూలై 17వ తేదీని ఊరి పెత్తందారీ కులమువారు పల్లెపై బడి ఆఱుగురిని చంపిరి. వారు తమ హక్కు తెలియక చావలేదు. తెలిసి, నోట పలికినందుకు చచ్చిరి.

అట్లని కాలనీలో చదువవలసినదేమియు లేదనను. కొన్ని సెక్షనులు తప్పక చదువవలెను. అవి వక్తల నోట నేనింతవఱకు వినలేదు. బాధితుడు షెడ్యూల్డు కులమువాడైనచో ఆ యపచారము అస్పృశ్యతచేతనే జరిగినదని న్యాయస్థానము తలపవలెననియు, కాదని నిరూపించు భారము నిందితునిదే యనియు పండ్రెండవ సెక్షను చెప్పుచున్నది. దర్యాప్తును బుద్ధిపూర్వకముగా ఉపేక్షించిన ప్రభుత్వోద్యోగి నేరమునకు తోడుపడినవాడే యని పదియవ సెక్షను వివరణము. 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టము ఇంకను ముందుకు పోయినది. నోటితో చెప్పిన ఫిర్యాదును వ్రాసి, చెప్పినవానికి చదివి వినిపించి, అటుపిమ్మటనే సంతకము తీసికొనవలెను. ప్రతి నొకదానిని వెంటనే ఈయవలెను. ఈ విధులను కావలెనని ఎగవేసిన యుద్యోగికి ఆఱు మాసములు మొదలు సంవత్సరము వఱకు ఖైదు. వేదికపై నున్నవారు తమ్ము కట్టివేయు వాక్యములను తామే చదువుట కొంత కష్టమే. అయినను చదువవలసినది అవియే.

సమయమును గూర్చి ఒక మాట. సంక్రాంతి దాటిన పిమ్మట ఈ పడమటి కర్నూలు గ్రామములనుండి కుటుంబములకు కుటుంబములు మిరప కోతలకై గుంటూరు సీమకు వలసపోవును. ఇండ్లకు తాళములు, ముసలివారు మాత్రము మిగులుదురు. నా తరగతిలో హాజరుపట్టీయే దీనికి సాక్ష్యము. ఆ మాసములలో పగటివేళ సభ జరిగిన నెవరు విందురు?

ఊరి నడుమ ఇట్టి సభ పెట్టిన కలహములు పుట్టునని కొంద ఱందురు. ఎవరి శాంతికి భంగము? అదియుగాక, నేరమునకు తోడుపడిన ఊరివారిపై సామూహికముగా జరిమానా వేయు నధికారము 1976 సవరణచేత ప్రభుత్వమునకు వచ్చినది. ఊరంతటికి తగులు చట్టమును ఊరంతకు వినిపింపవద్దా? ఇక నాలుగవ సెక్షను క్రింద వ్యక్తికి పడు జరిమానా ఎంతయో వినుడు: నూఱు రూపాయలకు తక్కువ గాకుండ, అయిదువందలకు మించకుండ. 1976 నాటి లెక్క నేటికిని అదియే. నేడు పదిమంది హోటలులో టీ త్రాగిన చెల్లునంత. నెల మొదలు ఆఱు నెలల ఖైదు తోడుగా లేకున్న అది శిక్ష యనిపించుకొనదు.

జనము రారనుట అబద్ధము. దసరానాడు మద్దికెర గుఱ్ఱపు పందెములకు వాడలన్నియు కదలి వచ్చును. హైదరాబాదున భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి హరికథలద్వారా బోధ సాగించిరి. జనము వినదగినట్లు చెప్పిన విందురని ఆయన కెఱుక.

ఈ పత్రిక చదువు గృహస్థులారా, గృహిణులారా, ఇంతవఱకు చెప్పినది ఊరి పెద్దలకే యని మీరు నిశ్చింతగా నుండవలదు. పాకీపని చేయ వచ్చిన యామెకు కాఫీ పోయుటకు పెరటి గూటిలో విడిగా నుంచిన గ్లాసు మనలో నెందఱి యిండ్లలో లేదు? నాలుగవ సెక్షను హోటలు గ్లాసును పట్టుకొనును గాని మన పెరటిదాక రాదు. అచ్చటికి మనమే పోయి దానిని తీసి వంటింటి గ్లాసులలో కలుపవలెను.

వచ్చు ముప్పదవ తేదీకి పది దినములు ముందుగా తహసీల్దారుగారికి అర్జీ వ్రాయుదము. సభ కాలనీలో గాక రచ్చకట్ట వద్ద, కూలివారు తిరిగివచ్చిన పిమ్మట, దీపములు పెట్టు వేళ జరుగవలెనని కోరుదము. సంతకములు ఊరిలోని వీధులవారివి కావలెను. కాలనీవారిచేత వ్రాయించి ముందుకు నెట్టరాదు. కావలసిన సామగ్రి నాలుగు చాపలు, చట్టము తెలుగు ప్రతి, గట్టిగా చదువగల కంఠము. టీ ఆ ఊరి హోటలునుండియే తెప్పింపవలెను. అందఱకు ఒకే రకపు గ్లాసులలో.