కాలువలో దొరికింది కాలువ గట్టునే నిలబెడదాం



ఏటా వేసవిలో మన తెనాలి కాలువలు కట్టేస్తారు. నాలుగు రోజులు గడిచేసరికి అడుగు బయటపడుతుంది. తెగిన చెప్పులు, మందు సీసాలు, పగిలిన బకెట్లు, సైకిల్ టైర్లు, నాయకుల ముఖాలున్న ఫ్లెక్సీ ముక్కలు, అద్దం పోయిన దేవుడి పటాలు, బురదలో పొరలు పొరలుగా పేరుకున్న కవర్లు. వాటన్నిటి మీదా ఎండిన గుర్రపుడెక్క. కొన్నాళ్లు ముక్కు మూసుకుని వంతెన దాటుతాం. తర్వాత పొక్లెయిన్ వస్తుంది, కొంత తోడి గట్టు మీద పోస్తుంది. తొలకరికి అందులో సగం తిరిగి కాలువలోకి జారుతుంది. పైనుంచి నీళ్లు వదులుతారు. ఇక మరిచిపోతాం.

ఈ కరపత్రం అడిగేది ఒక్కటే. ఆ అడుగున దొరికిన సామానుతో, దాన్ని పారేసిన మనమూ దాన్ని ఎత్తే కార్మికులూ కలిసి, ఏ రేవులో దొరికింది ఆ రేవు దగ్గరే ఒక బొమ్మగా నిలబెట్టాలి. ఏటా, కాలువ గట్టున్న ప్రతి వార్డులోనూ. మున్సిపాలిటీ దీన్ని తన వేసవి పనుల్లో ఒకటిగా రాసుకోవాలి.

బొమ్మ పెడితే చెత్త తగ్గుతుందా అని మొదట అడిగేది మీరే. న్యాయమైన ప్రశ్న. గట్టు పొడుగునా 'ఇక్కడ చెత్త వేయరాదు' అని బోర్డులున్నాయి, వాటి కాళ్ల దగ్గరే కుప్పలూ ఉన్నాయి. బోర్డు ఊరందరినీ కలిపి మందలిస్తుంది కాబట్టి ఎవరికీ తగలదు. తన ఇంట్లోంచి పోయిన నూనె డబ్బా తన కళ్ల ముందే ఒక కొంగకి పొట్టగా మారడం చూసిన పిల్లవాడికి మాత్రం ఆ డబ్బా ఎక్కడ పడిందో, ఎవరు తీశారో, ఎంత బురద కడిగితే బయటపడిందో తెలుస్తుంది. వాడు ఇంటికెళ్లి చెప్పే మాట ఏ బోర్డూ చెప్పలేదు.

మన నీళ్లు ఎటు పోతాయో కూడా గుర్తు చేసుకోవాలి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలోంచి బయల్దేరి, దుగ్గిరాల లాకులు దాటి, ఆ నీరు మన ఊళ్లోంచి మూడు కాలువలుగా సాగుతుంది. మనకది మధ్య దారి మాత్రమే. దిగువన రేపల్లె, చెరుకుపల్లి, నిజాంపట్నం వైపు శివారు రైతులు ఆ నీటి కోసమే ఎదురుచూస్తుంటారు. తూము దగ్గర కవర్లు అడ్డుపడితే ముందు ఎండేది శివారు మడి. నారు పోసి, వంతు నీటి కోసం రాత్రంతా గట్టు మీద కూర్చున్న రైతు చేత్తో తూములోంచి లాగేది మన పెళ్లి భోజనాల గ్లాసుల్ని. అక్కడా ఆగనిది డ్రెయిన్ల దారిన సముద్రానికి చేరి మత్స్యకారుల వలల్లో పడుతుంది. అందుకే దీన్ని పట్టణ సుందరీకరణ అనుకోవద్దని నా మనవి. ఎగువ వాడు దిగువ వాడికి చేస్తున్న అన్యాయం ఇది.

ఈ పని మనకు చేతనవుతుందా అన్న సందేహం తెనాలిలో రాకూడదు. ఇనప తుక్కుతో విగ్రహాలు చేయడంలో మన ఊరికి దేశంలో పేరుంది. కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర నట్లు, బోల్టులు, చైన్లు, బేరింగులు అతికి మనుషుల పోలికలు తెప్పించారు. 2021లో వారు 14 అడుగుల ప్రధానమంత్రి విగ్రహాన్ని అలాగే చేశారు. మన తుక్కు బయటి ఊళ్లలో విగ్రహమై నిలబడుతుంటే, మన కాలువ గట్టున మాత్రం తుక్కు తుక్కుగానే పడి ఉంది. ఆ చేతుల కింద ప్రతి వార్డు నుంచి నలుగురు పిల్లలు ఒక్క వేసవి పనిచేసినా చాలు, వచ్చే ఏటికి ఊళ్లో చేయి తిరిగినవాళ్లు తయారవుతారు.

చండీగఢ్ రాక్ గార్డెన్ పేరు మీరు వినే ఉంటారు. నేక్ చంద్ అనే రోడ్డు ఇన్‌స్పెక్టరు 1957లో, ఉద్యోగం చేసుకుంటూనే, అడవిలో ఒక చోట రహస్యంగా మొదలుపెట్టాడు. కొత్త నగరం కట్టడానికి అక్కడున్న పల్లెల్ని కూల్చారు. ఆ శిథిలాల్లో మిగిలిన పెంకులు, పింగాణీ ముక్కలు, గాజుల ముక్కలు సైకిల్ మీద మోసుకొచ్చి వందల బొమ్మలు చేశాడు. 1970ల నడుమ అధికారుల కంటపడింది. ప్రభుత్వ స్థలంలో అనుమతి లేని కట్టడం కాబట్టి కూల్చేయాల్సిందే. జనం ఆయన పక్షాన నిలిచారు. 1976లో అది ప్రజలకు తెరుచుకుంది, ఆయనకు జీతమిచ్చి ఆ పనే చేయమన్నారు. నన్ను కదిలించేది ఆ తోట అందం కన్నా అందులోని సామాను. కూల్చేసిన పల్లెల్లో ఏ ఇల్లాలో వాడుకున్న కప్పు ముక్క, ఆమె ఇంటిని తుడిచేసిన నగరంలోనే ఒక బొమ్మ ఒంటి మీద మెరుస్తోంది. ఆ ముక్క ఇంకెక్కడున్నా ఉత్త పెంకే.

ఢిల్లీలో సరాయ్ కాలే ఖాన్ దగ్గర 2019లో తెరిచిన పార్కూ ఉంది. సుమారు 150 టన్నుల తుక్కుతో తాజ్‌మహల్, ఈఫిల్ టవరు లాంటి ఏడు వింతల నమూనాలు కట్టారు. పనితనం గొప్పది, చూడ్డానికి జనం వస్తారు. కానీ మన ఊళ్లో ఎవరైనా అలాంటిదే కడదామంటే నేను ఒప్పుకోను. ఈఫిల్ టవరు ముందు నిలబడి ఫొటో దిగే మనిషికి ఆ ఇనుము ఎక్కడిదన్న ఆలోచన రాదు. తుక్కు అక్కడ చవకగా దొరికిన ముడిసరుకు, అంతే. మనకు కావాల్సింది మన రేవు కథ చెప్పే తుక్కు.

ఏ కథ అన్నది ఆ వార్డు వాళ్లే తేల్చుకోవాలి. ఆడవాళ్లు బట్టలుతుక్కునే రేవులో మందు సీసాల మూతలే బస్తాలకొద్దీ దొరుకుతాయి. అవి ఎవరి జేబుల్లోంచి పోయిన కూలి డబ్బులో ఆ ఆడవాళ్లకు తెలుసు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై సారా మీద రాష్ట్రమంతా కదిలిన ఆడవాళ్ల రాష్ట్రం ఇది. ఆ మూతలతో ఒక ఖాళీ అన్నం కంచం చేసి రేవు మెట్ల మీద నిలబెడితే దాని కింద ఒక్క అక్షరం కూడా రాయనక్కర్లేదు. శివారు రైతు బాధ చెప్పాలనుకునే వార్డు తుక్కు నోట్లో కుక్కుకున్న ఇనప తూము చేయొచ్చు. చెప్పులు ఎక్కువ దొరికే చోట, బడి మానేసి పనికెళ్లిన పిల్లల్ని ఆ చిన్న చెప్పుల వరసతో గుర్తు చేయొచ్చు. పెద్దలు ముందే 'స్వచ్ఛ పట్టణం' అని రాసిచ్చి, పిల్లల చేత దానికి రంగులేయించడం మాత్రం వద్దు.

ఒక బొమ్మ సంగతి మాత్రం నేను గట్టిగా అడుగుతున్నాను. అరిగిన చీపుళ్లు, చిల్లుపడ్డ గ్లౌజులు, విరిగిన తోపుడుబండి చక్రాలు, పారేసిన గమ్‌బూట్లు పోగుచేసి, మురుగు ఎత్తే మనిషి బొమ్మ మెయిన్ రోడ్డున ఒకటి నిలవాలి. సెప్టిక్ ట్యాంకుల్లోకి, భూగర్భ మురుగుకాలువల్లోకి రక్షణ లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. అలా పోయిన ప్రాణానికి పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. చట్టముంది, తీర్పుంది, దేశంలో చావులు ఆగలేదు. సఫాయి కర్మచారీ ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ దశాబ్దాలుగా చెబుతున్నది ఈ పని వెనుక కులం ఉందనే. ఆ మాట మన వీధిలో కూడా వినిపించాలి. కార్మికులు ఆ బొమ్మ ఎలా ఉండాలో చెప్పాలి, మనం వాళ్లు చెప్పినట్టు చేయాలి.

కూలి సంగతి ఇక్కడే చెప్పాలి. పారిశుధ్య కార్మికుల్ని 'సేవ' పేరుతో ఆదివారం పిలిచి, శాలువా కప్పి, ఫొటో తీసుకుని పంపడం నేను చూశాను. అది మళ్లీ జరగకూడదు. వాళ్లు ఏరిన ప్రతి రోజుకీ, నిలబెట్టిన ప్రతి రోజుకీ పూర్తి వేతనం ఇవ్వాలి, వెల్డరుకీ శిల్పికీ ఇచ్చినట్టే. బొమ్మ దిమ్మ మీద చేసిన వాళ్ల పేర్లు చెక్కాలి. ప్రారంభించిన వారి పేరు అక్కర్లేదు. బ్రెజిల్‌లో రియో దగ్గర జార్దిమ్ గ్రమాషో అనే పెద్ద డంపింగు యార్డులో విక్ మునిజ్ అనే కళాకారుడు చెత్త ఏరుకునే వాళ్లతో కలిసి, ఆ చెత్తనే పరిచి వాళ్ల ముఖచిత్రాలు చేశాడు. 2010లో దాని మీద సినిమా వచ్చింది. చిత్రాలు అమ్మిన డబ్బు వాళ్ల సంఘానికే వెళ్లింది. మన దగ్గర కూడా ఏరిన ఇనుములో బొమ్మకు పోగా మిగిలింది కొట్టుకు వేస్తే వచ్చే సొమ్ము కార్మికులదే కావాలి.

పని ఎలా చేయాలో తెలిసినంత చెబుతాను, ఎందుకంటే మంచి ఉద్దేశంతో మొదలై కొత్త చెత్తగా మారిన బొమ్మలు చాలా చోట్ల ఉన్నాయి. పల్చటి కవర్లు, థర్మాకోలు ఎండకు పెట్టకండి. కొన్నాళ్లకే పొడిపొడి అయి, ఆ పొడి తిరిగి కాలువలోకే పోతుంది. ఎండావానా తట్టుకునేవి ఇనుము, గాజు, టైల్సు, పింగాణీ. పెంకుల్ని సిమెంటులో పొదిగితే తరాలు నిలుస్తాయి. ఇనుముకి తుప్పు గోకి రెడాక్సైడ్ పూయాలి, రెండేళ్లకోసారి మళ్లీ పూయాలి. టైరు వాడితే అడుగున చిల్లులు పెట్టాలి, లేకపోతే నీరు నిలిచి డెంగీ దోమలకు ఇల్లవుతుంది. సూదులు, ఆసుపత్రి సామాను కనిపిస్తే ముట్టుకోకుండా కార్మికుల మేస్త్రీకి చెప్పాలి. పిల్లలు కడిగి, వేరుచేసి, రంగు ఎంచుతారు. కోత, వెల్డింగు పెద్దలవే. కవర్లు మిగిలితే తగలబెట్టకండి, పొడి చెత్త బండికే ఇవ్వండి. భోగి మంటల్లో టైర్లు వేసే అలవాటుకి కూడా ఇదే నా మనవి: ఆ టైరు వేసవి దాకా దాచండి.

బొమ్మ శాశ్వతం కావాలన్న పట్టింపూ వద్దు. మూడేళ్లకు అది పాతబడితే విప్పి, ఇనుము కొట్టుకిచ్చి, అదే దిమ్మ మీద కొత్తది నిలబెట్టొచ్చు. మన అమ్మమ్మలు చిరిగిన చీరలతో బొంత కుట్టినట్టే. బొంత చిరిగితే మళ్లీ మసిగుడ్డ అయ్యేది, అంతే గాని బయట పడేది కాదు.

ఖర్చు మాటకొస్తే, ఊరి పేరు ముందు ఎర్ర హృదయం పెట్టి వెలిగే అక్షరాలు ఇప్పుడు చాలా పట్టణాల్లో కడుతున్నారు. ఆ డబ్బులో కొంత భాగం చాలు దీనికి. ముడిసరుకు మనం ఏటా ఉచితంగా పారబోస్తూనే ఉన్నాం. కావాల్సింది కూలి, సిమెంటు, వెల్డింగు రాడ్లు, రంగు. కాలువ గట్టు నీటిపారుదల శాఖది కాబట్టి దిమ్మల స్థలానికి వారి అనుమతి ముందే తీసుకోవాలి. నీటి దారికి, పూడిక తీసే యంత్రాలకు అడ్డం రాని చోటే ఎంచాలి. కౌన్సిలర్లు ఈ తీర్మానాన్ని కాలువలు కట్టేయడానికి ముందే, మార్చి లోపు పెట్టాలి. పూడిక తీసిన మట్టిని తరలించే ముందు పనికొచ్చే సామాను వేరుచేయడానికి వారం గడువివ్వాలని ఆ తీర్మానంలోనే రాయాలి. ప్రారంభానికి ఫ్లెక్సీ కట్టకూడదని కూడా రాయాలి. 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్నవే.

తీర్మానం కోసం ఆగనక్కర్లేదు కూడా. మీ వార్డు కౌన్సిలరు దగ్గరికి ఈ కాగితం పట్టుకుని పదిమంది కలిసి వెళ్లండి. మీ వీధి పారిశుధ్య కార్మికుడి పేరు తెలియకపోతే ఈ రోజే అడిగి తెలుసుకోండి, ఏ రేవులో ఏం పడుతుందో ఆయన చెబుతాడు. కాలువలు కట్టేసిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం, ఎండ ముదరకముందే, చేతులకు గ్లౌజులు వేసుకుని, ఒక గోనెసంచి పట్టుకుని మీ రేవుకి రండి.