విమానాశ్రయము పెరిగినది, మన మూటలకు దారి ఏది?

దొడ్డబళ్లాపురమున చీర నేసి బెంగళూరులో అమ్ముకొను మన కుటుంబములకు రహదారి కూడ మగ్గము వంటి పనిముట్టే. అది ఆగినచో కూలి ఆగును. కావున దేవనహళ్లి విమానాశ్రయ విస్తరణ విమానమెక్కువారి సంగతియే గాని మనది కాదని తలచరాదు.

2008 మే నెలలో ఈ విమానాశ్రయము తెరచిరి. అంతవరకు నగరములోని హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయమునకు పోయిన జనమంతయు నాటినుండి ఉత్తరమున సుమారు 35 కిలోమీటర్లు రావలసి వచ్చినది. తొలి యేట ప్రయాణికులు కోటికి లోపే. 2019 డిసెంబరులో రెండవ రన్‌వే, 2022 నవంబరులో రెండవ టెర్మినల్ ప్రారంభమైనవి. 2024–25లో ప్రయాణికులు 4 కోట్లు దాటిరి.

వీరిలో అధికులు వచ్చునది బళ్లారి రోడ్డు మీదుగానే. 180 మంది దిగిన ఒక విమానమును తీసికొనుడు. కారుకు ఇద్దరి చొప్పున బయలుదేరినచో 90 కార్లు! వారిని దింపుటకు వచ్చినవారు, అచటి ఉద్యోగులు, సరుకు లారీలు వేరు. 2014లో హెబ్బాళమునుండి పైవంతెన దారి వేసిరి. కొంతకాలము సుఖముగనే యుండెను. దారి సుఖమైనదని ఇండ్లు, హోటళ్లు వెలసినవి, బండ్లు పెరిగినవి, హెబ్బాళము మరల నిండినది. 2025లో అచట మరొక వంతెన శాఖ తెరచిరి. అదియు నిండుటకు ఎంతో కాలము పట్టదని మా అభిప్రాయము. బండ్లు తగ్గు ఉపాయము లేక దారి మాత్రమే పెంచుట, చిల్లుకుండలో నీరు పోయుటయే.

మన బండి విమానాశ్రయమునకు పోదు. రాజానుకుంటె, యెలహంక మీదుగా వచ్చి ఆ వరుసలోనే చిక్కుకొనును. గత సంవత్సరము శ్రావణ మాసమునకు ముందు మా సంఘపు మూటలు ఉదయము తొమ్మిదింటికి బయలుదేరి మధ్యాహ్నమునకు గాని అంగడి చేరలేదు. అప్పటికే వర్తకుడు వేరొకరి సరుకు తీసికొనియుండెను. రెండు మూటలు వెనుకకు తెచ్చితిమి. ఆ వారము ఆరుగురు సభ్యులకు కూలి పూర్తిగా చెల్లింపలేకపోతిమి. వేకువనే పంపకపోవుట మా పొరపాటే. కాని పగటిపూట నడువని రహదారి ఎవరికొరకు?

విమానాశ్రయము వలన మన పిల్లలలో కొందరికి పని దొరకిన మాట నిజము. భూములు కలవారికి ధర వచ్చినది. మేము కాదనుట లేదు. అయితే లాభము కొందరిది, ఆలస్యము అందరిది కారాదు.

ఇందుకు మందు రైలే. యెలహంకనుండి చిక్కబళ్లాపురము పోవు రైలుమార్గము విమానాశ్రయము ప్రక్కనే యున్నది. 2021 జనవరిలో అచట హాల్ట్ స్టేషను కూడ తెరచిరి. కాని ఆ మార్గమున తిరుగు రైళ్లు కొద్ది. స్టేషనులో దిగి మరల బస్సెక్కవలెను. 2020లో కేంద్ర ప్రభుత్వము అనుమతించిన సబర్బన్ రైలు పథకములో బెంగళూరు–దేవనహళ్లి మార్గము కలదు. దానిని జాగు చేయరాదు. దొడ్డబళ్లాపురము స్టేషనునుండియు ఉదయము, సాయంత్రము మరిన్ని రైళ్లు నడిపి, చిన్న మూటలతో పోవువారికి చోటు చూపవలెను. ఇకమీదట టెర్మినల్ పెంచు ప్రతిసారి, ఆ జనములో ఎందరిని రైలు, బస్సులు మోయునో ముందుగా తేల్చి ప్రకటింపవలెను.

అధికారులకు అర్జీ వ్రాయుటతో మన పని తీరదు. ఈనాడు ఒక్కొక్క ఇంటివారు ఒక్కొక్క మోటారు సైకిలుపై మూట కట్టుకొని పోవుచున్నారు. అందరి సరుకు రాత్రికే సంఘము గిడ్డంగికి చేర్చినచో, వేకువజామున నాలుగు గంటలకు ఒకే బండి బయలుదేరును. తిరుగు ప్రయాణమున నూలు తెచ్చును. నలుగురు మగ్గము విడిచి పోవు బదులు ఒకరు పోవుదురు. బాడుగ సరుకు బరువును బట్టి పంచుకొందము.

మూటలు కలిపిన ఇతరునికి తన ఖాతాదారులు తెలిసిపోవుదురని కొందరు సంకోచించుచున్నారు. మూటకు ఇంటివారే ముద్ర వేయవచ్చును, సంఘము విప్పదు. వచ్చు సర్వసభ్య సమావేశములో ఈ విషయము చర్చకు పెట్టుచున్నాము. సభ్యులు తప్పక వచ్చి, అవునో కాదో నిస్సంకోచముగా చెప్పవలెనని కోరుచున్నాము.