పాత రిసీవరును పారవేయనేల?

గత సంవత్సరము దసరా సెలవులలో మా యింటికి క్రొత్త టెలివిజను వచ్చినది. దానిని గోడకు బిగించుటకు వచ్చిన దుకాణపువారు ప్రక్కనున్న మా పాత సరౌండు సౌండు రిసీవరును చూచి, "దీనికి కాలము చెల్లినది. క్రొత్త టి.వి.కి ఇది తగలదు. పాత సామానులవానికి వేసి ఒక సౌండు బారు కొనుడు" అని సలహా చెప్పిరి. ఆ సౌండు బారు వెల టి.వి. వెలలో మూడవ వంతు. మా నాయన ఇంచుమించు ఒప్పుకొనిరి.

ఆ రిసీవరును మా చిన్నాయన 2003లో బెంగుళూరున ఉద్యోగము చేయుచు, నెలనెలా కూడబెట్టి కొనినారు. దానితో ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు కలవు. ఇరువది యేండ్లలో ఒక్కనాడును మరమ్మతునకు పోలేదు. అట్టి దానిని తూకమునకు వేయుటకు మాకు మనసొప్పలేదు; నాలుగు దినములు గడువడిగితిమి. ఆ నాలుగు దినములలో తెలిసికొనిన సంగతులను మన పాఠశాల విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును చెప్పదలచితిమి. మా అభిప్రాయమును ముందే చెప్పెదము: మన యిండ్లలోని పాత రిసీవరులు పెక్కు చెడిపోకుండగనే పారవేయబడుచున్నవి.

రిసీవరు చేయు పనులు ముఖ్యముగా రెండు. వచ్చిన శబ్దములో ఏ భాగము ఏ స్పీకరునకు పోవలెనో విభజించుట ఒకటి. దానిని స్పీకరు మ్రోగునంత బలముగా పెంచుట మరియొకటి. ఈ రెండవ పని నాటికిని నేటికిని మారలేదు. స్పీకరులోని శంకువును కదలించుటకు అప్పుడెంత విద్యుత్తు కావలసెనో ఇప్పుడును అంతే. మారినదెల్ల శబ్దము పెట్టెలోనికి వచ్చు భాష.

ఈ సంగతి మన ప్రాంతపు పిల్లలకు విడమరచి చెప్పనక్కరలేదు. అవ్వతో బ్యాంకునకు పోయిన పిల్లవాడు గుమాస్తా తమిళమున నడిగినదానిని అవ్వకు తెలుగున చెప్పి, అవ్వ మాటను మరల గుమాస్తాకు తమిళమున చెప్పును. అవ్వకు తన ఖాతా లెక్క పైసాతో సహా తెలియును. గుమాస్తాకును తన పని తెలియును. నడుమ నొక దుబాసి కావలెను. పాత రిసీవరునకును క్రొత్త టి.వి.కిని నడుమ కావలసినది ఇట్టి దుబాసియే. కొన్ని యిండ్లలో అదియు నక్కరలేదు. ఇరువురికిని తెలిసిన భాష యొకటి ముందే యుండును.

మా యింట జరిగినది ఇదియే. రిసీవరు వెనుక హెచ్.డి.ఎం.ఐ. సాకెట్టు లేదు. ఆ పద్ధతి 2002 చివరనే వెలువడినది. మా పెట్టె దానిని ఎరుగదు. కాని యెరుపు తెలుపు సాకెట్ల వరుస ప్రక్కన 'ఆప్టికల్' అని వ్రాసిన చిన్న చదరపు తలుపొకటి కనబడినది. టి.వి. వెనుకను సరిగా అట్టిదే కలదు. ఇది తోషిబా సంస్థ 1983లో తెచ్చిన టాస్లింకు అను పద్ధతి. ఈ తీగలో విద్యుత్తు ప్రవహింపదు. ఎఱ్ఱని వెలుగు పోవును. టి.వి. నడచుచుండగా తీగ యొక కొనను అరచేతికి చూపిన ఆ వెలుగు కనబడును. లోహపు తీగ కాకపోవుటచే రెండు యంత్రముల భూసంబంధములు కలిసి పుట్టు 'గుయ్'మను రొద దీనితో రాదు. కొన్ని వందల రూపాయలకు ఆ తీగ కొని తెచ్చి రెండు కొనలను తగిలించితిమి.

చప్పుడు రాలేదు! దుకాణపువారి మాటయే నిజమైనదని ఇంటనందరు మా వంక చూచిరి.

తప్పులు రెండు. ఆ కాలపు రిసీవరులలో ఆప్టికల్ సాకెట్టును ఏదో ఒక పేరునకు కేటాయించి యుందురు. మాది 'డి.వి.డి.' అను మీటకు కట్టుబడినది, మేము 'టి.వి.' మీట నొక్కి కూర్చుంటిమి. రెండవది, టి.వి. అమరికలో 'డిజిటల్ ఔట్' అను చోట పాత పెట్టె యెరుగని క్రొత్త రూపములో శబ్దము పోవుచున్నది. దానిని 'పి.సి.ఎం.' అని మార్చగానే ముందరి రెండు స్పీకర్లు పలికినవి. 'డాల్బీ డిజిటల్' అని మార్చి, ఆరు మార్గముల శబ్దమున్న చిత్రమును పెట్టగా ఐదు స్పీకర్లును, సబ్‌వూఫరును పలికినవి. డాల్బీ డిజిటల్ 1992లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్' చిత్రముతో సినిమాశాలలకు వచ్చి, పిదప డి.వి.డి.ల ద్వారా ఇండ్లకు వచ్చినది. నాటి రిసీవరునకు అది పుట్టు భాష వంటిది, నేటి టి.వి.లు పెక్కు దానిని మరువలేదు. చప్పుడు పెదవుల కదలికకు ముందుగా వినబడినచో, రిసీవరులో 'డిలే' అను అమరిక యున్నదేమో చూడవలెను.

అందరి యిండ్లలోను ఇంత సులువుగా జరుగదు. రిసీవరు మరియు పాతదై, ఎరుపు తెలుపు సాకెట్లు మాత్రమే కలిగి, టి.వి.కి ఆప్టికల్ మాత్రమే యున్నచో, నడుమ 'డి.ఏ.సి.' అను చిన్న పెట్టె కావలెను. ఇదియే మేము చెప్పిన దుబాసి: అంకెల రూపమున వచ్చు శబ్దమును విద్యుత్తరంగముగా మార్చి యిచ్చును. సామాన్యమైన డి.ఏ.సి.కి డాల్బీ రాదు గనుక, టి.వి.ని 'పి.సి.ఎం.'లో నుంచవలెను. అప్పుడు వచ్చునది రెండు మార్గముల శబ్దమే యైనను, రిసీవరులో 'ప్రోలాజిక్' మీట యున్నచో ఆ రెండింటి నుండియే నడిమి స్పీకరునకును వెనుక స్పీకర్లకును పాలు పంచి యిచ్చును.

టి.వి.కి హెచ్.డి.ఎం.ఐ. తప్ప వేరు దారి లేనిచో 'ఏ.ఆర్.సి.' అని వ్రాసిన సాకెట్టును వెదకవలెను. శబ్దము టి.వి. నుండి వెలుపలికి వచ్చు ఈ యేర్పాటు 2009లో వచ్చినది. టి.వి.కి గల తక్కిన హెచ్.డి.ఎం.ఐ. సాకెట్లు లోపలికి తీసికొనునవే గాని బయటికి ఇచ్చునవి కావు. ఈ యొక్క సంగతి తెలియక, పనికిరాని పెట్టెలు కొని మోసపోవువారు కలరు.

ఫోను సంగతి తేలిక. చెవి తీగ రంధ్రమున్న ఫోనునకు ఒక కొన చిన్న పిన్ను, రెండవ కొన ఎరుపు తెలుపు పిన్నులు గల తీగ చాలును. 2016లో ఐఫోను 7 ఆ రంధ్రమును విడిచినది. తరువాత ననేక సంస్థలు ఆ దారినే పోయినవి. వినువాని మేలు కంటె క్రొత్త వస్తువుల అమ్మకమునకే దీనివలన మేలు కలిగెనని మా తలంపు. అట్టి ఫోనులకు బ్లూటూతు గ్రాహక పెట్టె నొకదానిని రిసీవరునకు తగిలించుకొనవచ్చును. ఒక్క జాగ్రత్త: 'ఫోనో' అని వ్రాసిన సాకెట్టు పేరు చూచి ఫోనును అందు తగిలింపరాదు. అది రికార్డు ప్లేయరు సూది నుండి వచ్చు కొద్ది మిల్లీవోల్టులకై యేర్పడినది. ఫోను ఇచ్చు సంకేతము దానికి వందరెట్లైనను కావచ్చును. చెవులు పగులునంత వికృతశబ్దము పుట్టి, స్పీకర్లకును హాని కలుగవచ్చును.

దుకాణపువారి మాటలో కొంత నిజము లేకపోలేదు. డాల్బీ అట్మాసు వంటి క్రొత్త పద్ధతులు పాత పెట్టెకు రావు. కాలిన వాసన వేయు పెట్టెను వాడరాదు; ప్లగ్గు పీకిన పిదపను లోపలి కెపాసిటరులలో విద్యుత్తు నిలిచి యుండును గనుక, పిల్లలు మూత విప్పరాదు. నిజముగా చెడినదానిని తీగలు కాల్చి రాగి తీయువారికి ఈయక, 2023 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన ఈ-వ్యర్థముల నిబంధనల ప్రకారము నమోదైన సంస్థలకు చేర్చుట మంచిది. కాని చెడినదని నిర్ణయించుటకు ముందు వెనుకకు త్రిప్పి చూచితిమా? అమ్మువానినే అడిగి, అమ్ముడుపోవు ఉత్తరము వినుచున్నాము.

ఇందు మన పాఠశాల చేయదగిన పని యొకటి కలదు. ఈ యంత్రముల వెనుక వ్రాతలన్నియు ఆంగ్లమే. కూడ వచ్చు పుస్తకమును అంతే. సాకెట్ల పేర్లను తెనిగింపుడని మేము కోరుట లేదు. 'ఆప్టికల్' ఆప్టికల్‌గానే యుండనిండు. అందు వెలుగు ఏల పోవుచున్నదో, ఫోనోలో ఫోను ఏల తగిలింపరాదో, ఆ కారణము మాత్రము పిల్లవానికి తెలుగున తెలియవలెను. కారణము తెలిసినవాడు ఏ భాషలో పేరున్నను ఇంట ధైర్యముగా మాటాడగలడు. తెలియనిచో, అవ్వకు దుబాసిగా పోయిన పిల్లవాడే టి.వి. దుకాణములో నోరు మూసికొని నిలుచును. నాయన సంపాదన చీటీ మీద సంతకమైపోవును.

కావున విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులను వేడుకొనుచున్నాము: ఒక శనివారము ఒక గంట దీనికి కేటాయింపుడు. పిల్లలు తమ యింటి టి.వి.కిని, పాత రిసీవరు, మ్యూజిక్ సిస్టము వంటివానికిని వెనుక భాగమును కాగితము మీద గీచి, ఏది 'ఇన్'నో ఏది 'ఔట్'టో గుర్తించి తేవలెను. ఫొటో తెచ్చినను చాలును. పెట్టెను మాత్రము మోసికొని రావలదు. మాది పది కిలోలకు పైబడి తూగినది.