చెయ్యని సేవకు జైలు ఎంత?

కోడిపందెంలో ఓడిన పక్షం ఏడేళ్ళు రాజ్యం విడిచిపోవాలన్నది మన పల్నాటి కథ. షరతు కఠినమే, కాని ఓడితే ఎన్నాళ్ళో ఇరుపక్షాలకూ ముందే తెలుసు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 'సమాజ సేవ' అనే కొత్త శిక్షకు ఆ మాత్రం స్పష్టత కూడా లేదు.

శిక్ష మంచిదే, ఒప్పుకుంటాను. తాగి బజారులో అల్లరి చేసినవాణ్ణీ, మొదటిసారి అయిదు వేల లోపు దొంగతనం చేసి సొత్తు తిరిగి ఇచ్చేసినవాణ్ణీ ముదురు దొంగల పక్కన కూర్చోబెట్టే కంటే ఆస్పత్రి ఆవరణ ఊడ్పించడం మేలు కాదా?

మరి ఆ పని చెయ్యకపోతే? ఎనిమిదో సెక్షను ప్రకారం జైలే. చిక్కంతా ఇక్కడే ఉన్నది. తాగి అల్లరి చేసినందుకు గరిష్ఠంగా పడే జైలు 24 గంటలు. దానికి బదులు జరిమానా వేస్తే, అది కట్టలేనివాడికి జైలు ఇందులో నాలుగో వంతు మించరాదు. అంటే 6 గంటలు. సేవ ఎగ్గొట్టినవాడికో? ఆ నాలుగో వంతు నియమంలో సమాజ సేవ ఊసే లేదు! జైలు లేకుండా జరిమానా గాని, సేవ గాని విధించే నేరాలకు వేరే లెక్క చెప్పారు: జరిమానా 5,000 లోపైతే 2 నెలలు, 10,000 లోపైతే 4 నెలలు, మిగతా వాటికి ఏడాది వరకు సాధారణ జైలు. చీపురు పట్టిన గంటలను రూపాయల్లో ఎవరు కొలుస్తారండీ? కొలవలేం గనుక ఏడాది అనే ప్లీడరు ఉండకపోడు.

మాచర్ల వైపు మిర్చి కోతల కూలీని ఊహించుకోండి. సేవకు కూలి ఇవ్వకూడదని చట్టమే అంటున్నది. కోతల రోజుల్లో పిల్లల తిండి చూసుకుంటాడా, ఊడవడానికి వస్తాడా? రాకపోతే ఎగ్గొట్టినవాడే. వచ్చినా, హాజరు వేసే గుమాస్తా ఆ పూట లేకపోతే రానివాడి కిందే లెక్క.

2022 మార్చి 31న మన హైకోర్టు, కోర్టు ధిక్కారం కేసులో ఎనిమిదిమంది ఐ.ఎ.ఎస్. అధికారులకు రెండు వారాల జైలు వేసి, క్షమాపణ చెప్పుకున్నాక, ఏడాదిపాటు నెలకొక ఆదివారం సంక్షేమ హాస్టళ్ళకు వెళ్ళి సేవ చెయ్యమన్నది. అది వేరే చట్టం. అయినా అక్కడ నెలకెన్ని రోజులో, ఎన్నాళ్ళో, ఎక్కడో తేలింది. నచ్చనివారు అప్పీలుకూ వెళ్ళగలిగారు. కూలీకి అప్పీలంటే మరో నాలుగు రోజుల కూలి పోవడం.

నరసరావుపేట, గురజాల కోర్టుల్లో నల్లకోటు వేసుకున్న మన పూర్వ విద్యార్థులు చాలామంది ఉన్నారు. అన్నలారా! ఇటువంటి కేసు మీ చేతికొచ్చిన రోజున మేజిస్ట్రేటుగారిని మూడు ముక్కలు తీర్పులోనే రాయమని అడగండి: పని ఎన్ని గంటలు, హాజరు సంతకం ఎవరిది, తప్పితే జైలు ఎన్ని రోజులు.