జట్టు ఊరిదైతే పద్దూ ఊరిదే కావాలి

సంక్రాంతి వచ్చిందంటే తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పల్లెల్లో కబడ్డీ, వాలీబాల్ పోటీలకు మైకులు మోగుతాయి. దాతల పేర్లు చదువుతారు. బహుమతులు పంచుతారు. పండుగ వెళ్ళాక మిగిలిన సొమ్మెంత, అది ఎవరి దగ్గరున్నదీ చెప్పే నాథుడుండడు. దాత అలిగితే మరుసటేడు జట్టే ఉండదు. ఆటలో మోకాలు దెబ్బతిన్న కుర్రవాడి వైద్యం ఖర్చు ఇంటివారి నెత్తినే పడుతుంది.

పెద్ద జట్ల సంగతీ ఇంతకు భిన్నం కాదు. 2009లో ఐ.పి.ఎల్. కప్పు గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ మన జట్టని మురిసిపోయాం. యాజమాన్యం ఆర్థిక ఇబ్బందుల్లో పడగా 2012 సెప్టెంబరులో క్రికెట్ బోర్డు ఆ జట్టును రద్దు చేసింది. మరుసటి నెలలోనే హైదరాబాద్ జట్టు హక్కును ఏటా 85.05 కోట్ల రూపాయలకు సన్ టీవీ సంస్థ పాట పాడి దక్కించుకున్నది. అన్నాళ్ళూ చప్పట్లు కొట్టిన జనాన్ని మాట అడిగినవారు లేరు.

మన కబడ్డీకీ 2014లో ప్రొ కబడ్డీ లీగ్ వచ్చింది. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ ఒక్క ఆటగాడికే రెండున్నర కోట్లకు పైగా వెచ్చించింది. ఇలాంటి జట్లకు ప్రధాన ఆదాయం టీవీ హక్కులు, ప్రకటనలే. చూసే జనం లేకపోతే ఆ హక్కులకు విలువేది?

అమెరికాలో గ్రీన్ బే సుమారు లక్ష జనాభా గల పట్టణం. అక్కడి ఫుట్‌బాల్ జట్టు ప్యాకర్స్ 1923 నుంచి ప్రజల వాటాలతోనే నడుస్తున్నది. వాటాదారులు ఐదు లక్షల పైమాటే. ఎవరికీ లాభం పంచరు. వచ్చిన సొమ్ము జట్టుకే. జర్మనీ ఫుట్‌బాల్ జట్లలో కొద్ది మినహాయింపులు తప్ప, సగానికి మించిన ఓట్లు సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలన్నది నియమం.

పాల సంఘాలు, పరపతి సంఘాలు నడిపిన పల్లెలకు ఇది కొత్త విద్య కాదు. లెక్క అడగని చోట అవి చెడిన సంగతీ ఎరిగినదే. 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. స్వల్ప సభ్యత్వ రుసుము, మనిషికొక ఓటు, గాయపడిన ఆటగాళ్ళకు వేరే నిధి, పంచాయతీ ఆఫీసు గోడమీద ఏటా జమాఖర్చులు ఉంటే చాలు. దాతలను వద్దనడం లేదు. వారి విరాళానికి రసీదు ఇవ్వాలి గాని పెత్తనం ఇవ్వరాదు.

పందిరి వేయకముందే ఊరి యువకులు, పెద్దలు ఒకచోట కూర్చుని ఈ సంగతి తేల్చుకోవడం మేలు.