కండకు కొలత ఉంది, రక్తపోటుకు లేదా?

బెజవాడలో వ్యాయామశాలకు వెళ్లే ఏ యువకుణ్ణయినా అడగండి. దండ ఎన్ని అంగుళాలో, బెంచ్ ప్రెస్ ఎన్ని కిలోలో తడుముకోకుండా చెబుతాడు. బీపీ ఎంతని అడిగితే మాత్రం నవ్వి ఊరుకుంటాడు. అతడు టెస్టోస్టిరాన్ ఇంజక్షన్లు కూడా తీసుకుంటున్నవాడైతే, ఆ నవ్వు వైద్యుడిగా నాకు భయం కలిగిస్తుంది.

టెస్టోస్టిరాన్ ఎర్ర రక్తకణాలను పెంచి రక్తాన్ని చిక్కబరుస్తుంది. ఉప్పును, నీటిని ఒంట్లో నిలుపుతుంది. టెస్టోస్టిరాన్ మందులన్నిటిపైనా రక్తపోటు హెచ్చరిక ఉండాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025లో ఆదేశించింది. అది వైద్యులు రాసే మోతాదు గురించిన మాట. జిమ్ముల్లో ‘సైకిల్’ పేరిట సాగే వాడకం తరచు దానికి ఎన్నో రెట్లు! దీనికి బరువు తోడవుతుంది. 1985లో కెనడా పరిశోధకులు బాడీబిల్డర్ల ధమనిలోనే ఒత్తిడిని కొలిచారు. రెండు కాళ్లతో భారీ లెగ్ ప్రెస్ చేసే వేళ అది సగటున 320/250కి చేరింది. ఆరోగ్యవంతుడికి అది క్షణకాలపు పొంగు. విశ్రాంతిలోనే పోటు ఎక్కువగా ఉన్నవాడి మెదడు నాళాలకు, గుండెకు అది పరీక్ష.

“నాకు తలనొప్పి కూడా లేదు” అంటారు. 2024 సెప్టెంబరు తొలినాళ్లలో బుడమేరుకు గండ్లు పడి అజిత్‌సింగ్ నగర్ మునగడం మనం చూశాం. తెగే క్షణం దాకా గట్టు గట్టులాగే కనబడుతుంది. రక్తనాళమూ అంతే.

“నా చేయి లావు, అందుకే మిషన్ ఎక్కువ చూపిస్తుంది” అంటారు. ఇందులో సగం నిజం. చిన్న పట్టీ పోటును ఎక్కువగా చూపుతుంది. అందుకు విరుగుడు పెద్ద పట్టీయే గాని, కొలవడం మానేయడం కాదు. దండ చుట్టుకొలత 32 సెంటీమీటర్లు దాటితే పెద్ద పట్టీ అడగండి. వ్యాయామం, కాఫీ, ప్రీ వర్కౌట్ పొడి ముగిసి అరగంటయినా గడవాలి. వీపు ఆన్చి, పాదాలు నేలపై ఉంచి, అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోండి. చేయి గుండె ఎత్తున ఉండాలి. ఉదయం, సాయంత్రం రెండేసి సార్లు, వారం రోజులు కొలిచి రాయండి. మొదటి రోజు అంకెలు వదిలి సగటు తీయండి. 135/85 లేదా అంతకు మించితే వైద్యుణ్ణి కలవండి. 180/120 దాటి ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబాటు, చూపు మసకబారడం వంటివి ఉంటే ఆ క్షణమే అత్యవసర విభాగానికి వెళ్లండి.

వైద్యుడి దగ్గర ఇంజక్షన్ల మాట దాచకండి. హెమటోక్రిట్, కొలెస్టరాల్, మూత్రపిండాల పరీక్షలు, ఈసీజీ అవసరం. హెమటోక్రిట్ 54 శాతం దాటితే, వైద్యం కోసం ఇచ్చిన టెస్టోస్టిరాన్‌నైనా ఆపవలసిందే. బీపీ మాత్ర మింగుతూ సైకిల్ కొనసాగించడం చికిత్స కాదు. మానడమే అసలు చికిత్స. అయితే ఒంటరిగా మానకండి. సొంత హార్మోను ఉత్పత్తి పడిపోయి నీరసం, నిస్పృహ కమ్ముకోవచ్చు. ఆ దశలో వైద్యుని తోడు కావాలి.

చివరగా, వ్యాయామశాలల యజమానులకు ఒక మాట. టెస్టోస్టిరాన్ వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడని మందు. దాన్ని శిష్యుడి ఒంట్లోకి ఎక్కించే శిక్షకుడు గురువు కాడు. లక్షలు పోసి యంత్రాలు కొన్నారు. గోడ పక్కన ఒక బీపీ మిషన్, ఒక పెద్ద పట్టీ పెట్టడానికి ఏం అడ్డం? బరువు ఎత్తించేవాడికి, ఎత్తేవాడి గుండె ఎంత మోస్తున్నదో తెలుసుకునే బాధ్యత లేదా?